నాలుకకీ అంగిలికీ మధ్య

మొన్న మంగళవారం నేను ఒక ఘనకార్యం చేశాను. డే కేర్ భోజనాల గదిలో మా మనవరాలు పాస్తా ముక్క నోట్లో పెట్టుకుని దగ్గింది. సరుకు దింపించడానికి వచ్చిన నేను కిటికీ బయటి నుంచి అది చూసి లోపలికి పరుగెత్తాను. పిల్లని కుర్చీలోంచి లాగి నోట్లో వేలు పెట్టాను. అప్పటికే ముక్క దానంతట అదే బయటపడింది, లోపల మిగిలింది నా వేలే. పిల్ల ఏడ్చింది. బల్ల చుట్టూ ఉన్న మిగతా ఆరుగురూ తోడుగా ఏడ్చారు. నేను ఆ ఏడుగురికంటే పెద్దగా అరిచాను. ఆ ఊపులోనే డే కేర్ నడిపే మేడమ్‌తో తేల్చి చెప్పాను, ఇక్కడ ఈ వంటావిడైనా ఉండాలి, మా పిల్లయినా ఉండాలి అని.

మేడమ్ వేడెక్కే మనిషి కాదు. శుక్రవారం పదిన్నరకి వంటావిడ మీ ఎదుటే వండుతుంది, అడగాల్సినవన్నీ అప్పుడే అడగండి, నమ్మకం కుదరకపోతే ఆ రోజే పొయ్యి ఆర్పేసి పిల్లలకి పొట్లాల్లో వచ్చే గుజ్జు పెట్టిస్తాను అన్నది. బేరం నెగ్గాననుకుని ఇంటికి వెళ్ళాను. మా అమ్మాయి అంతా విని ఒక్క మాట అన్నది.

"గుజ్జు పెట్టాలంటే చెంచా కావాలి నాన్నా. అది చెంచా చూస్తే నోరు మూసేస్తుంది. మర్చిపోయావా?"

ఆ తరువాత నాతో మాట్లాడటం మానేసింది.

నిజంగానే మర్చిపోయాను. పిల్ల నెలలు నిండకుండానే పుట్టింది. అరచేతిలో ఇమిడేంత ఉండేది, అందుకే గింజ అని పేరు పెట్టాను. మొదటి ఐదు వారాలూ ముక్కులోకి గొట్టం వేసి పాలు పోశారు. అప్పటి నుంచి ఎవరి చెయ్యి మొహం దగ్గరికి వచ్చినా తల తిప్పేసుకుంటుంది. ఎనిమిదో నెల నడుస్తున్నా తల్లిపాలు తప్ప ఇంట్లో ఎవరూ దానికి ఏమీ తినిపించలేకపోయారు. అది తన చేత్తో తాను తీసుకుని తిన్న చోటు ప్రపంచం మొత్తం మీద ఒక్కటే, ఆ వంటావిడ బల్ల. నేను మూయించబోతున్నది ఆ బల్లనే.

ఈ లాభనష్టాలు ముందే తట్టి ఉంటే నోరు పారేసుకునేవాణ్ణి కాదు. కానీ ముప్పై ఏళ్ళుగా పిండీ పప్పూ పాస్తా అమ్ముతున్నవాణ్ణి. ఆడిన బేరం వెనక్కి తీసుకోవడం మా వాళ్ళలో నామోషీ. శుక్రవారం నాడు ఉతికిన చొక్కా వేసుకుని, జేబులో బస్తాకి గుచ్చి గింజలు తీసే ఇనుప గొట్టం పెట్టుకుని, సరుకు పరీక్షకి వెళ్ళినట్టే వెళ్ళాను.

వంటగది చిన్నది. కిటికీ కింద స్టీలు గట్టు, పక్కన రెండు పొయ్యిలు, గోడకి పెద్ద అంకెల గడియారం. గట్టు మీద సగం కోసిన గుమ్మడికాయ. ఒక పక్క మేడమ్ చేతులు కట్టుకుని నిలబడింది. ఇంకో పక్క మా అమ్మాయి గింజని చంకన వేసుకుని, నా వైపు వీపు పెట్టి నిలబడింది. తను పనిచేసే కళ్ళద్దాల దుకాణంలో పూట సెలవు పెట్టి వచ్చింది.

వంటావిడకి అరవై దాటి ఉంటాయి. పొట్టి మనిషి. పొయ్యి మీద ఏమున్నా 'ఇంకాస్త మెత్తబడాలి' అంటూ ఉంటుందని అక్కడ అందరూ ఆవిడని మెత్తక్క అంటారు. పేరు మెత్తనే గానీ మనిషి మెత్తన కాదు. నన్ను చూసి నమస్కారం పెట్టలేదు. చేతులు కడుక్కురమ్మని కుళాయి చూపించింది.

ఆవిడతో నాకు పాత గొడవ ఒకటి ఉంది. పోయిన నెల ఈ డే కేర్‌కి చుక్కల పాస్తా ఒక పెట్టె ఊరికే పంపించాను. మిరియం గింజంత నక్షత్రాలు, చూడముచ్చటగా ఉంటాయి. చిన్న నోటికి చిన్న సరుకు, ఇందులో ఆలోచించేదేముంది అనుకున్నాను. పెట్టె మర్నాడే తిరిగొచ్చింది. ఇది పొగరు కాక మరేమిటని అప్పటి నుంచీ మనసులో పెట్టుకున్నాను. అందుకని మొదటి ప్రశ్న దాని గురించే అడిగాను.

మెత్తక్క జవాబు చేసి చూపించింది. ఆ నక్షత్రాలు ఒక గుప్పెడు దాచుకుందట, అవి విడిగా ఉడికించి ఉంచింది. గింజని కుర్చీలో కూర్చోబెట్టించి, వెన్ను నిలబడేలా పక్కన తువ్వాలు మడిచి పెట్టి, పాదాలు కుర్చీ కింది చెక్క మీద ఆనాయో లేదో వంగి చూసింది. అప్పుడు పిల్ల ముందు కొన్ని నక్షత్రాలు వేసింది. గింజ అరచేయి మొత్తం వాటి మీద వేసి గుప్పిట మూసింది. తెరిస్తే చేతికి అంటుకున్నవి అంటుకున్నాయి, నోటికి చేరింది ఒక్కటీ లేదు. రెండుసార్లు చూసి మూడోసారి బల్లని కొట్టింది.

"దీనికి ఇంకా బొటనవేలూ చూపుడువేలూ కలవలేదు, షావుకారుగారూ. ఉన్నది గుప్పిటే. గుప్పిట్లో పట్టుకుంటే పైకి కాస్త మిగలాలి, ఆ మిగిలిందే తిండి. మీ నక్షత్రాలు వేళ్ళొచ్చిన పిల్లలకి. అప్పుడు నేనే అడిగి తెప్పించుకుంటాను."

ముప్పై ఏళ్ళలో నేను నోరు చూసి సరుకు ఎంచాను. చెయ్యి చూసి ఎంచాలని ఎవరూ చెప్పలేదు. అయినా తల ఊపలేదు, పరీక్ష ఇంకా ఉంది కదా.

ఆవిడ వంట మొదలుపెట్టింది. నేను దగ్గరగా నిలబడి చూశాను. ఇప్పుడు అదంతా మీకు చెప్పడంలో నాకు ఒక సంతోషం ఉంది. పనితనం ఎక్కడ కనిపించినా దాన్ని తూచకుండా ఉండలేని జబ్బు నాది.

వెడల్పాటి గిన్నెలో నీళ్ళు మరిగించింది, ఉప్పు వెయ్యలేదు. మెలికల పాస్తా, పెద్దవాళ్ళ వేలంత పొడుగుది, గుప్పెళ్ళతో కొలిచి వేసింది. అంటుకోకుండా మొదటి రెండు నిమిషాలూ గరిటె ఆపలేదు. ఒకదానికొకటి అతుక్కున్న ముద్ద పిల్ల నోట్లో పడటమే అన్నిటికంటే చెడ్డది అన్నది. రెండో పొయ్యి మీద గుమ్మడికాయ ముక్కలూ తోలు తీసిన టమాటాలూ మగ్గాయి. వాటిని జల్లెడలో వేసి గరిటె వెనక్కి తిప్పి రుద్దింది. జల్లెడలో మిగిలిన పీచు చూపించి, ఇది మన వాటా అని మేడమ్‌తో నవ్వింది. ఆ గుజ్జులో నూనె నాలుగు చుక్కలు వేసి, పాస్తా ఉడికిన నీళ్ళు ఒక గరిటెడు పోసింది. ఆ నీళ్ళెందుకని అడిగాను. గంజి పట్టిన ఆ నీళ్ళతోనే గుజ్జు ముక్కని కరుచుకుంటుందట. గుజ్జు ముక్కని వదిలి జారిపోతే పిల్ల గుప్పిట్లోంచి ముక్క కూడా జారిపోతుంది, జారితే పిల్ల విసిగిపోతుంది, విసిగితే ఆ పూట తిండి మానేస్తుంది. ఒక గరిటెడు నీళ్ళకి ఇంత లెక్క.

బస్తా మీద ఉడకడానికి పదకొండు నిమిషాలు అని ఉంది. గడియారం ప్రకారం పదకొండు నిమిషాలు దాటాయి, పదిహేనూ దాటాయి. నేను ఆ అంకె చూపించాను.

"అది రాసినవాడికి పళ్ళున్నాయి" అన్నది మెత్తక్క, గరిటె తిప్పుతూనే.

నేను నవ్వాను. హాస్యమనుకున్నాను.

ఇరవై నిమిషాలకి మంట తగ్గించి, గరిటెతో కొన్ని ముక్కలు పళ్ళెంలోకి తీసింది. ఇక నా వంతు వచ్చింది. ధాన్యం మంచిదో కాదో పంటి కింద వేసి చెప్పడంలో మా బజారులో నాకు పేరుంది. ఒక ముక్క తీసుకుని ఊది నోట్లో వేసుకుని కొరికాను. మెత్తగా ఉంది. ఇంకోటి కొరికాను, అదీ మెత్తగానే ఉంది. బాగానే ఉడికిందని ఒప్పుకున్నాను. కానీ మంగళవారం కూడా ఇలాగే ఉడికిందని నమ్మకమేమిటి, రోజూ మెత్తబడిందని నీకు ఎలా తెలుస్తుంది అని అడిగాను.

ఆవిడ కొంచెంసేపు నా మొహం చూసింది. తరువాత మేడమ్ వైపు చూసింది. కుళాయి వైపు తిరిగి చేతులు కడుక్కుంది. గోడకున్న అరలోంచి మూతపెట్టిన గాజు గ్లాసు ఒకటి తీసింది. భుజాలు ఒకసారి కదిలాయి. గ్లాసులో టక్కుమని ఒక చప్పుడు, వెంటనే ఇంకొకటి. ఇటు తిరిగేసరికి ఆవిడ మొహం మొహంలా లేదు. బుగ్గలు లోపలికి పోయాయి, గడ్డం పైకొచ్చింది, పెదవులు ముడుచుకున్నాయి. గ్లాసులో రెండు వరసల పళ్ళు.

మేడమ్ కట్టుకున్న చేతులు జారిపోయాయి. ఎనిమిదేళ్ళుగా ఒకే కప్పు కింద పనిచేస్తున్నారు, ఆవిడకీ తెలియదు.

మెత్తక్క ఒక ముక్క తీసుకుని నాలుక మీద పెట్టుకుంది. కళ్ళు మూసుకుంది. దవడ కదల్లేదు. నాలుకని పైకెత్తి అంగిలికి నొక్కింది, అంతే. మింగింది. రెండోది కూడా అంతే. మూడోదానికి ఆగింది. మళ్ళీ నొక్కింది. అరచేతిలోకి ఉమ్మి, తెల్ల సాసరులో పక్కన పెట్టింది. అలా పన్నెండు ముక్కలు చూసింది. మూడు సాసరులోకి వెళ్ళాయి. నేను ఆ మూడిట్లో ఒకదాన్ని గోటితో తెంపి చూశాను. పంటి కింద పడితే నాకు తెలిసేది కాదు. మధ్యలో సన్నటి తెల్లటి గీత, ఆవగింజంత బిరుసు.

గింజ మాత్రం పళ్ళులేని ఆ మొహాన్ని చూసి, తన జాతి మనిషి దొరికినట్టు, చిగుళ్ళన్నీ చూపించి నవ్వింది.

మెత్తక్క మళ్ళీ గోడవైపు తిరిగి పళ్ళు పెట్టుకుని వచ్చింది.

"పళ్ళున్న నోటితో పళ్ళులేనివాళ్ళకి వండితే ఎలా, షావుకారుగారూ? వాళ్ళకున్నది నాలుకా అంగిలీ. నాలుకకీ అంగిలికీ మధ్య నలగనిది వాళ్ళకి రాయితో సమానం. రోజూ తలుపు వేసుకుని చూసేదాన్ని. ఇవాళ తలుపు తీసి చెయ్యమన్నారు, చేశాను."

నా జీవితంలో రకరకాల తూకాలు చూశాను. రాళ్ళ తూకం, ముల్లు తూకం, అంకెలు వెలిగే తూకం. కొనేవాడి నోరు తన నోట్లో పెట్టుకుని సరుకు తూచే మనిషిని అప్పుడే చూశాను. దానికి ఆవిడ తీసి పక్కన పెట్టింది పళ్ళు ఒక్కటే కాదు. ఎనిమిదేళ్ళుగా దాచుకున్న గుట్టు కూడా ఆ గ్లాసులో పడేసింది. ఎవరి కోసం? తన వంటగది మూయించడానికి వచ్చినవాడు అడిగిన ప్రశ్న కోసం.

అక్కడితో తల వంచి వచ్చేసి ఉంటే గౌరవంగా ఉండేది. కానీ నా కళ్ళు సాసరు మీద పడ్డాయి. మెలిక ఒకటే, పొడుగు ఒకటే. కానీ ఆ మూడింటి అంచు కాస్త మందం, రంగు ఒక వీసం ముదురు. కొన్నవాళ్ళెవరూ పట్టుకోలేరు, అమ్మినవాడు పట్టుకోగలడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, గట్టు మీద గుమ్మడికాయ సాక్షిగా, నా చెయ్యి జేబులో ఉన్న ఇనుప గొట్టాన్ని తడుముకుంది.

పోయిన వారం ఈ డే కేర్ బస్తా నింపుతుంటే సరుకు సగంలో అయిపోయింది. పక్కనే ఇంకో తయారీదారుడి బస్తా ఉంది. అదీ మెలికల పాస్తానే. మిగతా సగానికి అందులోంచి తీసి, రెండూ ఒక తొట్టిలో కలిపి నింపి, మూతి కుట్టించాను. ఆకారం ఒకటైతే సరుకు ఒకటే అని నా లెక్క. ఒకటి పల్చన, ఇంకోటి మందం. ఒకే గిన్నెలో పడితే ఒకటి ముందు ఉడుకుతుంది, ఇంకోటి వెనకపడుతుంది. ఇది కొత్తగా కొట్టు పెట్టినవాడికి కూడా తెలుస్తుంది. నాకు తెలియక కాదు, తలుచుకోలేదు.

అరలో, పళ్ళ గ్లాసు పక్కన, ఒక సీసా ఉంది. అందులో ముప్పాతిక వరకూ ఉడికి ఎండిపోయిన మెలికలు. అన్నీ ముదురు రంగువే. రోజూ గిన్నెలోంచి వేళ్ళతో ఒక్కొక్కటీ నొక్కి చూసి ఏరేసినవి. మంగళవారం ఒక్కటి ఆవిడ వేళ్ళు దాటి గింజ గుప్పిట్లోకి వెళ్ళింది.

ఇంకో సంగతి కూడా గుర్తొచ్చింది. సరుకు చేరవేసే మా బండివాడు సోమవారం కొట్టుకి వచ్చి, డే కేర్ వంటావిడ బస్తాలో రెండు రకాలున్నాయంటోంది అని చెప్పాడు. ఆకారం ఒకటే కదా, ఉడకబెట్టుకోమను అని నవ్వి పంపించాను. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడింది.

ఈ సీసా నాకు మంగళవారమే ఎందుకు చూపించలేదని ఆవిడని నెమ్మదిగా అడిగాను.

"అరిచే మనిషికి చూపిస్తే తప్పించుకోవడానికి చెప్పానంటాడు. చూసే మనిషి వచ్చినప్పుడు చూపిద్దామనుకున్నాను" అన్నది.

ఆవిడ సంజాయిషీ అక్కడితో సరి. పళ్ళెంలో బిరుసువి ఏరేసి, మిగిలినవి గుజ్జులో దొర్లించి, చల్లార్చి, రెండు మెలికలు గింజ ముందు పెట్టింది. పిల్ల చూసింది. ఎవరూ చెయ్యి చాచలేదు, ఎవరూ నోరు తెరవమనలేదు. ఒకదాన్ని గుప్పిట్లో పట్టుకుంది, పైకి అంగుళం మిగిలింది. నోటికి తెచ్చుకుని చిగుళ్ళతో నొక్కి, పీల్చి, మళ్ళీ నొక్కింది. ఉన్నట్టుండి దగ్గింది. మొహం ఎర్రబడింది. నా కాలు కదిలింది. నా మణికట్టు మీద ఆవిడ చెయ్యి పడింది.

"ఆగండి. దగ్గుతోంది కదా, దగ్గనివ్వండి. దగ్గే పిల్ల తన పని తాను చేసుకుంటోంది. చప్పుడు ఆగిపోయిన పిల్ల దగ్గరికే మనం పరుగెత్తాలి."

ఆవిడ కళ్ళు పిల్ల మీదే ఉన్నాయి, రెప్ప వెయ్యలేదు. గింజ నాలుకతో ముక్కని ముందుకు నెట్టేసింది. అది గడ్డం మీంచి బల్ల మీద పడింది. పిల్ల దాన్ని ఒకసారి పరిశీలించి, మళ్ళీ గుప్పిట్లో పట్టుకుని, నోట్లో పెట్టుకుంది. ఈసారి నలిపి మింగింది. మా అమ్మాయి కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"మీ మాట చెప్పండి" అన్నది మేడమ్ నాతో. "ఫిర్యాదు మీది."

"పొయ్యి ఆర్పొద్దు. తప్పు గిన్నెలో లేదు, నా బస్తాలో ఉంది. రెండు రకాలు కలిపింది నేను. ఈవిడ కబురు పంపితే నవ్వింది కూడా నేనే" అన్నాను. నోరు జారిన బేరం వెనక్కి తీసుకోవడం ఇంత తేలికని అంతవరకూ తెలియదు.

మూడు రోజుల తరువాత మా అమ్మాయి మొదటిసారి నా మొహంలోకి చూసింది. మాట్లాడలేదు గానీ, గింజ మూతి తుడవమని గుడ్డ నా చేతికిచ్చింది. నేను గుడ్డని పిల్ల చేతికే ఇచ్చాను. ఆ మాత్రం నేర్చుకున్నాను.

మేడమ్ మెత్తక్క చెయ్యి పట్టుకుని ఏదో చెప్పబోయింది. కానీ మెత్తక్క వినడం లేదు. సాసరులోని మూడు ముక్కల్నీ చూస్తోంది.

"షావుకారుగారూ, కలిపింది ఈ ఒక్క బస్తానేనా?"

నేను జవాబు చెప్పబోయి ఆగాను. బస్తా నిండాక తొట్టి అడుగున కలిపిన సరుకు ఇంకా మిగిలింది. దాన్ని ఇంకో సంచిలో పోసి మూతి కట్టించాను. మరి ఆ సంచి... పొద్దున నేను ఉతికిన చొక్కా వేసుకుంటున్నప్పుడు బండివాడు దాన్ని ఎత్తుకెళ్ళాడు. వంతెన అవతలి డే కేర్‌కి. అక్కడ పదిమంది పసివాళ్ళు ఉన్నారు.

వాళ్ళ భోజనం ఎన్నింటికని అడిగాను. పన్నెండింటికి అన్నది మేడమ్. గడియారంలో పన్నెండుకి పావు తక్కువ. మేడమ్ అప్పటికే ఫోను చెవికి ఆనించుకుంది. మోగుతోంది, మోగుతూనే ఉంది. అన్నం వేళ పసిపిల్లల గదిలో ఎవరి చెయ్యీ ఖాళీగా ఉండదు.

మెత్తక్క ముందుగుడ్డ విప్పి కొక్కేనికి తగిలించింది. అరలోంచి గాజు గ్లాసు తీసి సంచిలో వేసుకుంది. బండి ఉందా అని నన్ను అడిగింది. నేను తాళంచెవి తీసి చూపించాను.

"అక్కడ వంట ఎవరిది, మేడమ్‌గారూ?" అన్నది గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ.

మేడమ్ ఫోను చెవి నుంచి తీయకుండానే చెప్పింది. పోయిన నెలలో చేరిన అమ్మాయట. చురుకైన పిల్ల, ఇరవై రెండేళ్ళు.

మెత్తక్క నా వైపు చూసింది. నాకు అర్థమైంది. ఆ అమ్మాయికి ముప్పై రెండు పళ్ళూ ఉన్నాయి.